పడవకు వాననీటి గండం

ఫైబర్ పడవ కూడా కుళ్ళుతుందా?

పాత మోటారు పడవ ఒకటి కొని ఇంటి దగ్గరే బాగుచేసుకుందామనుకునే వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది. అడగవలసిన ప్రశ్నే. గాజుకు చెద పట్టదు. ప్లాస్టిక్‌కు తుప్పు పట్టదు. ఆ రెండూ కలిపి చేసిన పడవ కుళ్ళిపోతుందంటే నమ్మబుద్ధి కాదు. అయినా అమెరికాలో సరస్సులున్న రాష్ట్రాల్లో, పైకి నిగనిగలాడుతూ లోపల డొల్లబారిన ఫైబర్ పడవలకు కొదవలేదు. డెట్రాయిట్ శివార్లలోనో మినియాపొలిస్ చుట్టుపక్కలనో కాపురముంటున్న మన తెలుగువాళ్ళు చూసే ఉంటారు: ఎవరి పెరట్లోనో ట్రెయిలర్ మీద, నీలం టార్పాలిన్ కింద, ఏళ్ళ తరబడి కదలని పడవ. అమ్మేవాడు "ఇంజను తిరుగుతుంది, కాస్త పనుంది, అంతే" అంటాడు. ఆ కాస్త పని ఎక్కడుందోనని కొనేవాడు ఇంజను మూత తీసి వెతుకుతాడు. అసలు పని అక్కడ ఉండదు.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. పడవ ప్రాణం తీసేది అది తేలే నీరు కాదు, దాని మీద కురిసే నీరు. కింది నుంచి అలలు కొట్టే దెబ్బలకు పడవ తట్టుకుంటుంది. పైనుంచి ఒక మర సందులోంచి బొట్టుబొట్టుగా దిగే వాననీటికి తట్టుకోలేదు. పాత పడవను బాగుచేయడమంటే చాలావరకు ఆ నీరు ఎక్కడ దిగిందో, ఎక్కడ నిలిచిందో, నిలిచిన చోట ఏం చేసిందో కనిపెట్టడమే.

అచ్చులో పుట్టిన పడవ

1940లకు ముందు సరదా పడవలు దాదాపు అన్నీ చెక్కవే. మిషిగన్ రాష్ట్రంలో ఆల్గొనాక్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన క్రిస్-క్రాఫ్ట్ మహాగని పడవలంటే ఇప్పటికీ మోజుపడే వాళ్ళున్నారు. చూడ్డానికి అందమైనవే. కానీ ఏటా గీకాలి, వార్నిష్ పూయాలి. చలికాలమంతా గట్టున ఉండి పలకలు ఎండిపోతాయి, సందులిస్తాయి. వసంతంలో నీళ్ళలోకి దించిన రోజున పడవ కారుతుంది. పలకలు నాని ఉబ్బి, సందులు వాటంతటవే మూసుకునే దాకా యజమాని నీళ్ళు తోడుతూ కూర్చోవాలి. అంత ఓపిక ఎందరికి ఉంటుంది?

గాజును కరిగించి వెంట్రుక కంటే సన్నని పోగులుగా తీసే పరిశ్రమ 1930లలో అమెరికాలో స్థిరపడింది. అదే దశాబ్దంలో పాలిఎస్టర్ రెజిన్ వచ్చింది. రెజిన్ అంటే చిక్కటి ద్రవం, దాన్ని గట్టిపరిచే మరో ద్రవం రెండు చుక్కలు పడితే రాయిలా బిగుసుకుంటుంది. ఈ రెండింటినీ కలిపి 1942లో ఒహాయో రాష్ట్రం టొలీడోలో రే గ్రీన్ అనే ఆయన ఒక చిన్న పడవ చేశాడు. యుద్ధం ముగిశాక ఈ పద్ధతి ఊపందుకుంది. 1960లు, 70లు వచ్చేసరికి మోటారు పడవల మార్కెట్టు చాలావరకు గాజునారదే అయిపోయింది.

చేసే విధానం సులువు. లోపలి వైపు నున్నగా మెరిసే అచ్చు ఒకటి ఉంటుంది. దాని మీద మొదట రంగు కలిపిన రెజిన్ పూత పూస్తారు. మనకు పడవ పైన కనిపించే మెరుపు ఆ పూతే, జెల్‌కోట్ అంటారు. దాని మీద గాజునార చాప పరిచి, రెజిన్ పోసి, గాలి బుడగలు లేకుండా రోలరుతో ఒత్తి, మళ్ళీ చాప, మళ్ళీ రెజిన్. బిగుసుకున్నాక అచ్చులోంచి లేపితే పడవ బొచ్చె తయారు. వడ్రంగి నైపుణ్యం అక్కర్లేదు. విశాఖ, కాకినాడ తీరాల్లో ఇసుక మీదికి లాగిపెట్టి ఉండే ఫైబర్ తెప్పలకూ మూల సరుకు ఇదే.

పొట్టలో దాచిన చెక్క

గాజునార పలకతో ఒక చిక్కుంది. లాగితే తెగదు, కానీ నొక్కితే వంగుతుంది. 17 అడుగుల పడవ అడుగు అలల మీద వంగకుండా ఉండాలంటే పలకను బాగా మందంగా పోయాలి. అప్పుడు బరువూ ధరా రెండూ పెరుగుతాయి. దీనికి ఇంజనీర్లు ఒక ఉపాయం పట్టారు. పలక వంగకుండా నిలిచే గుణం దాని మందం మీద విపరీతంగా ఆధారపడుతుంది. మందం రెట్టింపైతే ఆ బిగువు ఎనిమిది రెట్లవుతుంది. కాబట్టి మందమంతా గాజుతోనే నింపనక్కర్లేదు. పైనొక గాజునార పొర, కిందొక పొర, నడుమ ఏదైనా తేలికైన సరుకు పెడితే చాలు. ఆ రోజుల్లో చవకగా, తేలిగ్గా దొరికిన సరుకు చెక్క.

అలా ఫైబర్ పడవ పొట్టలో చెక్క చేరింది. అడుగున ముందు నుంచి వెనక్కి సాగే నిలువు దూలాలు, అంటే స్ట్రింగర్లు, గాజునార చుట్టిన కలపే. కాళ్ళు పెట్టే అంతస్తు ప్లైవుడ్డు. పైకప్పు లోపల చాలా పడవల్లో బాల్సా ముక్కలుంటాయి. అన్నిటికంటే ముఖ్యం ట్రాన్సమ్ అనే వెనుక గోడ. బయట తగిలించే ఇంజను బరువంతా దాని మీదే వేలాడుతుంది. 150 గుర్రపు శక్తి పాత ఇంజను దాదాపు 180 కిలోలు. బరువుతో పోలేదు, పడవను ముందుకు తోసే బలమంతా కూడా ఆ గోడ ద్వారానే పడవకు అందాలి. అంగుళమున్నర, రెండంగుళాల మందాన ప్లైవుడ్డు అతికి, ముందూ వెనకా గాజునార పరిచి ఆ గోడ కడతారు.

ఇక్కడి దాకా ఏ తప్పూ లేదు. గాజునార మధ్య పొడిగా ఉన్నంత కాలం చెక్కకు ఏమీ కాదు. కానీ పడవ ఫ్యాక్టరీ దాటాక మనుషులు మొదలుపెడతారు. నిచ్చెన బిగించడానికి నాలుగు మరలు. లోతు చూపే యంత్రం కోసం రెండు. చేపల గాలం నిలబెట్టడానికి ఇంకో నాలుగు. ప్రతి మరా గాజునార పొరను చీల్చుకుని చెక్కలోకి దిగుతుంది. చుట్టూ పూసిన సీలెంటు పదేళ్ళకు ఎండి పగులుతుంది. ఆపైన వాన తన పని తాను చేసుకుపోతుంది.

చెక్కను తినేది నీరు కాదు, శిలీంధ్రం. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వాటిని ఆపలేం. వాటికి కావలసినవి నాలుగే: తిండి, గాలి, వెచ్చదనం, తడి. తిండి చెక్కే. గాలి, వెచ్చదనం మన చేతిలో లేనివి. మిగిలిన ఒక్కటే మన అదుపులో ఉంది. చెక్కలో తేమ దాని పొడి బరువులో 20 శాతం లోపు ఉంటే శిలీంధ్రం పెరగలేదు. 30 శాతం చేరువకు వస్తే పండగ చేసుకుంటుంది. చెక్కలో తెల్లని బలమైన పీచును అది తినేసి, పనికిరాని గోధుమరంగు భాగాన్ని వదిలేస్తుంది. కుళ్ళిన చెక్క చిన్నచిన్న గడులుగా పగిలి, చేతిలో నలిపితే పొడి కావడం అందుకే. బయట పెట్టిన దుంగ వానకు తడిసినా ఎండకు ఆరుతుంది. గాజునార సంచిలో చిక్కుకున్న చెక్కకు ఆరే దారి లేదు. లోపలి నీరు బయటికి పోకుండా కాపలా కాసేది మనం నమ్ముకున్న ఆ ప్లాస్టిక్ పొరే.

మరి సముద్రపు నీరు దిగితే? అది ఇంతటి శత్రువు కాదు. ఉప్పు ఎక్కువైన చోట ఈ శిలీంధ్రాలు బతకలేవు. న్యూ ఇంగ్లండ్ ఓడల మేస్త్రీలకు ఈ సంగతి అనుభవం మీద తెలుసు. చెక్క ఓడలు కట్టేటప్పుడు పక్కటెముకల సందుల్లో రాతి ఉప్పు దట్టించేవారు, పైనుంచి కారే మంచినీరు అక్కడే ఉప్పునీరుగా మారాలని. మంచినీటి సరస్సుల్లో తిరిగి, చెట్టు కింద వానకు నానిన పడవకు ఆ రక్ష లేదు.

తట్టి చూడటం, తొలిచి చూడటం

కుళ్ళు పైకి కనబడదు కాబట్టి చెవితో వెతకాలి. ప్లాస్టిక్ మొన ఉన్న చిన్న సుత్తితో ట్రాన్సమ్‌నూ అంతస్తునూ జానెడు జానెడు దూరంలో తడుతూ పోతే, గట్టి చోట ఖంగుమని పలుకుతుంది, పోయిన చోట మొద్దుగా మోగుతుంది. పడవల్ని పరీక్షించడమే వృత్తిగా ఉన్న సర్వేయర్లు ఇప్పటికీ ముందు తీసేది సుత్తినే, తేమ కొలిచే మీటరు తర్వాత. ఇంకో పరీక్ష మరీ సులువు. ఇంజను కింది కొసను పట్టుకుని పైకీ కిందికీ బలంగా ఊపాలి. ఇంజనుతో పాటు వెనుక గోడ కూడా కదిలితే గోడ పోయినట్టే.

ఖాయం చేసుకోవడానికి, పడవ లోపలి వైపు నుంచి గోడ కింది భాగంలో సన్నని బెజ్జం వేసి, డ్రిల్లుతో వచ్చే పొట్టు చూడాలి. లేత రంగులో పొడిగా రాలితే ఫర్వాలేదు. నల్లగా, ముద్దగా, పుల్లటి వాసనతో వస్తే ఇక బేరం మాటలు వేరు. కొనకముందు అమ్మేవాడి అనుమతి లేకుండా ఈ పని చేయకూడదని వేరే చెప్పాలా!

ఆరా తీయవలసిన చోటు ఇంకొకటుంది, అంతస్తు కింద. అమెరికాలో 1971 నాటి పడవల భద్రతా చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం, 20 అడుగుల లోపు మోటారు పడవలు చాలావరకు నీళ్ళతో నిండినా పూర్తిగా మునగకుండా తేలాలి. అందుకోసం అంతస్తు కింది ఖాళీలో పాలియూరితేన్ నురగ నింపుతారు. ఈ ఆలోచన చట్టం కంటే పాతది. బోస్టన్ వేలర్ కంపెనీ పెట్టిన డిక్ ఫిషర్ తన నురగ పడవ మీద కూర్చుని, నీళ్ళ మీదే దాన్ని రెండు ముక్కలుగా కోయించుకున్న ఫోటోలు 1961లో 'లైఫ్' పత్రికలో వచ్చాయి. వెనక సగం మీద ఇంజను ఉంది కాబట్టి దాంతోనే తిరిగి వచ్చాడు. అంతకు మించిన ప్రకటన ఏముంటుంది?

అయితే ఆ నురగ కణాలు దశాబ్దాల పాటు నీళ్ళలో నానితే, గడ్డకట్టే చలికి పగిలితే, నీరు పీల్చుకుంటాయి. 200 లీటర్లు పీల్చిన నురగ 200 కిలోల బరువు మోపుతుంది, ముగ్గురు మనుషులు ఎప్పుడూ అంతస్తు కింద దాక్కుని ప్రయాణిస్తున్నట్టు లెక్క. చిన్న మోటారు పడవ వేగం పుంజుకుంటే నీటిని చీల్చుకుంటూ పోవడం మానేసి నీటి పైకి లేచి జారుతుంది. అలా లేవలేని 17 అడుగుల పడవ గంటకు 10 కిలోమీటర్లు దాటడానికే ఆపసోపాలు పడుతుంది. "ఇంజనులో శక్తి తగ్గింది" అని మెకానిక్కు చుట్టూ తిరిగే వాళ్ళలో కొందరికి కావలసింది మెకానిక్కు కాదు, తూనిక. లారీలు తూచే కాటా మీద ట్రెయిలర్‌తో సహా ఎక్కించి, ట్రెయిలర్ బరువు తీసేసి, కంపెనీ చెప్పిన బరువుతో పోల్చి చూస్తే గుట్టు బయటపడుతుంది.

కోయడం, అతకడం

కుళ్ళు బయటపడ్డాక సగం మందికి తొందర పుడుతుంది, అంతస్తు మొత్తం ఒక్క పూటలో పీకేస్తారు. పీకకముందు పడవ బొచ్చెకు కింది నుంచి చాలాచోట్ల ఆనువేయాలి. దాని ఆకారాన్ని నిలబెట్టేది లోపలి దూలాలే. అవి తీసేశాక, ట్రెయిలర్ మీద రెండు పట్టెల మధ్య వేలాడే పలచని బొచ్చె మెల్లగా సాగి వంకరపోతుంది. ఆ వంకర మీదే కొత్త దూలాలు అతికితే అది శాశ్వతం.

కోత, గీకుడు మొదలైతే గాజు దుమ్ము లేస్తుంది. ఒళ్ళంతా దురద సంగతి సరే, ఊపిరితిత్తుల్లోకి పోకుండా మంచి రెస్పిరేటర్ ముసుగు, కళ్ళజోడు తప్పనిసరి. పాలిఎస్టర్‌ను గట్టిపరిచే ద్రవం ఒక్క బొట్టు కంట్లో పడినా చూపు పోయే ప్రమాదముంది. ఇంటి పని కదా అని తేలిగ్గా తీసుకునే చోట కాదిది.

ఇప్పుడు జిగురు సంగతి. ఇక్కడ పాలిఎస్టర్, ఎపాక్సీ అని రెండు కుటుంబాలున్నాయి, వాటి తేడా అర్థమైతే సగం పని వచ్చినట్టే. పాలిఎస్టర్ రెజిన్‌లో గొలుసు అణువులు ముందే ఉంటాయి. వాటిని ఒకదానికొకటి ముడివేసే పని మొదలుపెట్టడానికి మాత్రమే గట్టిపరిచే ద్రవం కావాలి. నూటికి ఒకటి రెండు పాళ్ళు చాలు. చలిగా ఉంటే కాస్త ఎక్కువ, ఎండగా ఉంటే కాస్త తక్కువ వేసి వేగాన్ని సర్దుకోవచ్చు. ఎపాక్సీ అలా కాదు. అందులో రెండో ద్రవం పని మొదలుపెట్టి తప్పుకునేది కాదు, పదార్థంలో తానూ ఒక భాగమయ్యేది. రెజిన్ అణువుకు ఇన్ని చేతులు, గట్టిపరిచే ద్రవం అణువుకు ఇన్ని చేతులని ఉంటాయి. అన్ని చేతులూ జత కుదరాలి. కంపెనీ 5 పాళ్ళకు 1 అంటే 5కు 1, 2కు 1 అంటే 2కు 1. త్వరగా బిగుస్తుందని రెండో ద్రవం ఎక్కువ పోస్తే, జత దొరకని అణువులు లోపల మిగిలిపోతాయి, అతుకు ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది. పాలిఎస్టర్ అలవాటున్న వాళ్ళు ఎపాక్సీతో దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే.

రెండూ బిగుసుకునేటప్పుడు వేడి పుడుతుంది. వేడి పుడితే చర్య ఇంకా వేగమవుతుంది, వేగమైతే ఇంకా వేడి. పది డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపు. కలిపిన ఎపాక్సీని లోతైన కప్పులోనే ఉంచితే, వేడి పోయే దారి లేక పొగలు కక్కి కప్పే కరిగిపోతుంది. అదే ఎపాక్సీని వెడల్పాటి పళ్ళెంలో పలచగా పోస్తే నెమ్మదిగా, బుద్ధిగా ఉంటుంది. కొద్దికొద్దిగా కలపడం, కలిపిన వెంటనే పళ్ళెంలో ఒంపడం అందుకే.

పాత పడవకు ఏది వాడాలి? నా ఓటు ఎపాక్సీకే. ధర ఎక్కువ. కానీ పాలిఎస్టర్ బిగుసుకునేటప్పుడు ఎక్కువ కుదించుకుపోతుంది, పాత గాజునారనూ చెక్కనూ గట్టిగా పట్టుకోదు. కొత్త పడవ కట్టేటప్పుడు పొర మీద పొర పచ్చిగా ఉండగానే వేస్తారు కాబట్టి అణువులు కలిసిపోతాయి. ఏనాడో బిగుసుకుపోయిన గోడ మీద కొత్త పొరకు ఆ అవకాశం లేదు, గరుకుదనాన్ని పట్టుకుని వేలాడటమే గతి. ఆ పట్టు ఎపాక్సీకి ఎక్కువ. మిషిగన్ రాష్ట్రం బే సిటీలో గూజాన్ సోదరులు చెక్కకూ ఎపాక్సీకీ పెళ్ళి చేసి పడవలు కట్టారు. వెస్ట్ సిస్టమ్ పేరుతో వాళ్ళు అమ్మిన ఎపాక్సీ, దానితో పాటు ఇచ్చిన సూచనల పుస్తకాలు ఇంటి పనివాళ్ళకు నేటికీ ఆధారం.

పాత పొరకు కొత్త పొర అతికే చోట అంచును ఏటవాలుగా చెక్కాలి. పొర మందం ఒక వంతైతే ఏటవాలు పన్నెండు వంతుల దాకా ఉండాలన్నది ఆనవాయితీ. నిటారు అంచుకు అతికితే లాగే బలమంతా సన్నని గీత మీద పడుతుంది. ఏటవాలైతే ఆ బలం వెడల్పంతా పంచుకుంటుంది.

కొత్త ట్రాన్సమ్‌కు మామూలు ఇంటి ప్లైవుడ్డు పనికిరాదు. లోపలి పొరల్లో ఖాళీలు లేని, నీటికి విడిపోని జిగురుతో చేసిన మెరైన్ ప్లైవుడ్డు కావాలి. అన్ని వైపులా, ముఖ్యంగా కోసిన అంచులకు, ఎపాక్సీ తాగించాలి. చెక్క నీరు పీల్చేది పలక ముఖం నుంచి కంటే కోసిన అంచు నుంచే.

ఈ పనంతటిలో నాకు అన్నిటికంటే నచ్చే చిన్న ఉపాయం మరల గురించినది. కావలసిన దానికంటే పెద్ద బెజ్జం తొలిచి, దాన్ని చిక్కటి ఎపాక్సీతో నింపి, బిగిశాక దాని నడుమ మరకు సరిపడా సన్నని బెజ్జం వేయాలి. అప్పుడు మర చెక్కను తాకనే తాకదు. సీలెంటు మళ్ళీ పగిలినా నీటికి కనిపించేది ఎపాక్సీ గోడే. మరలు బిగించినవాళ్ళు ఈ ఒక్క పని చేసి ఉంటే ఇన్ని పడవలు కుళ్ళేవి కావు. ఖర్చు కంటే తొందర వల్లే చేయలేదని నా అనుమానం.

అడుగున బొబ్బలు

కొన్ని పడవల అడుగున జెల్‌కోట్ కింద గుండ్రని బొబ్బలు లేస్తాయి. చూడగానే గుండె జారుతుంది. జరిగేది ఇదీ: రెజిన్ పూత నీటిని ఆపుతుంది కానీ నీటి అణువులను ఒక్కొక్కటిగా దూరనిస్తుంది. లోపలికి పోయిన అణువులు, సరిగ్గా బిగియని రెజిన్ ముక్కలను విడదీసి ఒక చిక్కటి పుల్లని ద్రావణం తయారుచేస్తాయి. ఎండుద్రాక్షను నీళ్ళలో వేస్తే ఏమవుతుందో అక్కడా అదే అవుతుంది. ద్రాక్ష తొక్క లోపల చక్కెర చిక్కగా ఉంది, బయట పలచని నీరు. తొక్క చక్కెరను బయటికి వదలదు, నీటిని మాత్రం లోపలికి రానిస్తుంది. తెల్లారేసరికి ద్రాక్ష ఉబ్బుతుంది. బడి పుస్తకాల్లో చదివిన ద్రవాభిసరణే ఇది. ఉప్పునీటిలో కంటే మంచినీటిలో బొబ్బలు త్వరగా లేస్తాయి, ఎందుకంటే బయటి నీరు ఎంత పలచనైతే లోపలికి అంత జోరుగా చొరబడుతుంది.

బొబ్బలు నెలల తరబడి నీళ్ళలోనే కట్టేసి ఉంచే పడవల జబ్బు. ట్రెయిలర్ మీద తిరిగే పడవకు అరుదు. వచ్చినా వాటితో పడవ మునగదు. బొబ్బలు చూసి బేరం తగ్గించండి, భయపడి పారిపోకండి.

రెండు లోహాల తగాదా

1761లో బ్రిటిష్ నౌకాదళం హెచ్.ఎం.ఎస్. అలార్మ్ అనే యుద్ధనౌక అడుగుకు రాగి రేకులు తొడిగింది, చెక్కను తొలిచే పురుగుల నుంచి కాపాడటానికి. ఓడ వెస్టిండీస్ వెళ్ళివచ్చాక, 1763లో చూస్తే రాగి చెక్కుచెదరలేదు. దాన్ని పట్టి ఉంచిన ఇనుప మేకులు మాత్రం చాలాచోట్ల తినేసినట్టు అరిగిపోయి రేకులు ఊడుతున్నాయి. వింతేమిటంటే కొన్ని మేకులు బాగానే ఉన్నాయి. రేకులకు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం పూర్తిగా ఊడదీయకుండానే బిగించిన చోట్ల, ఆ కాగితం ఇనుమునూ రాగినీ తాకనివ్వలేదు.

ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు తాకితే అదొక బ్యాటరీ. ఎలక్ట్రాన్లను సులువుగా వదిలేసే లోహం కరిగిపోతుంది, రెండోది సురక్షితం. 1824లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త దీన్నే తిరగేసి వాడాడు. రాగి కరగకూడదంటే, రాగి కంటే ముందు కరిగే జింకునో ఇనుమునో దానికి తగిలిస్తే సరి. హెచ్.ఎం.ఎస్. సమరాంగ్ వంటి ఓడల మీద ప్రయత్నించారు. రాగి నిజంగానే కరగలేదు. కరగకపోవడంతో కొత్త తంటా వచ్చింది. గుల్లజీవులూ నాచూ ఓడకు పట్టకుండా ఇన్నాళ్ళూ కాపాడింది మెల్లగా నీటిలోకి కరిగే ఆ రాగి విషమే. రక్షించిన రాగి మీద గుల్లజీవులు గుంపులుగా చేరి ఓడ వేగం పోయింది. నౌకాదళం ఆ పద్ధతికి స్వస్తి పలికింది. సైన్సు సరైనదే, కాకపోతే రాగి చేస్తున్న రెండో ఉద్యోగం ఎవరి దృష్టికీ రాలేదు.

డేవీ ఆలోచన మాత్రం బతికింది. పాత మోటారు పడవ ఇంజను కింది కాలు అల్యూమినియం, పంకా చాలాసార్లు స్టెయిన్‌లెస్ స్టీలు. నీళ్ళలో అల్యూమినియం ఓడిపోతుంది. అందుకని దాని కంటే ముందు కరిగే లోహపు దిమ్మ ఒకటి బిగిస్తారు. కరగడమే దాని ఉద్యోగం కాబట్టి బలి లోహం అందాం. ఉప్పునీటికి జింకు. మంచినీటిలో జింకు మీద తెల్లటి పొర కట్టి పని మానేస్తుంది, అక్కడ మెగ్నీషియం కావాలి. అదే మెగ్నీషియాన్ని సముద్రంలో దింపితే మరీ త్వరగా హరించుకుపోతుంది. సగం అరిగితే కొత్తది మార్చాలి. ఎన్నేళ్ళయినా అరగకుండా ఉంటే సంతోషించకండి, అది ఇంజనును తాకడం లేదన్నమాట. అందం కోసమని పడవతో పాటు దానికీ రంగేసే వాళ్ళుంటారు. రంగేసిన బలి లోహం దేన్నీ కాపాడదు. అల్యూమినియం కాలుకు రాగి కలిసిన నాచుమందు రంగు పూయడం ఇంకా ఘోరం.

చివరికి ఇంజను

బయట తగిలించే ఇంజన్లను వ్యాపారంగా నిలబెట్టిన వాళ్ళలో ముఖ్యుడు ఓలె ఎవిన్‌రూడ్, నార్వే నుంచి వలస వచ్చిన మనిషి. 1909లో మిల్వాకీలో భార్య బెస్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. సరస్సు అవతలి ఒడ్డు నుంచి ఆమె కోసం ఐస్‌క్రీమ్ తెస్తుంటే దారిలోనే కరిగిపోయిందనీ, ఆ విసుగులో ఇంజను తోచిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. ఇంజను గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. దానికి పుస్తకాలూ మెకానిక్కులూ దొరుకుతారు. మూడు సంగతులు మాత్రం.

ఒకటి, మొదటిసారి స్టార్టు చేయకముందే నీటి పంపులోని రబ్బరు చక్రం మార్చాలి. ఏళ్ళ తరబడి కదలని రబ్బరు రెక్కలు వంగిన చోటే బిగిసిపోతాయి. నీళ్ళు అందించకుండా తిప్పితే ఆ రెక్కలు చూస్తూండగానే కాలిపోతాయి, వెనకే ఇంజనూ.

రెండు, పాత ట్యాంకులోని పెట్రోలు. అమెరికాలో పెట్రోలులో 10 శాతం ఎథనాల్ మామూలు, మన దేశంలో ఇప్పుడు 20 శాతం దాకా వచ్చింది. ఎథనాల్ నీటిని పీల్చుకుంటుంది. 10 శాతం ఎథనాల్ ఉన్న పెట్రోలులో నీరు సుమారు అర శాతం దాటితే, నీరూ ఎథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇంజనుకు పెట్రోలు లాగే గొట్టం ఉండేదీ ఆ అడుగునే. 1970ల నాటి కొన్ని పడవల్లో ట్యాంకులు కూడా గాజునారవే, వాటి రెజిన్‌ను ఎథనాల్ కరిగించి ఇంజనులోకి పంపుతుంది. అలాంటి ట్యాంకు ఉంటే తీసేయడమే.

మూడోది ప్రాణాలకు సంబంధించింది. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. కారులో కారితే నేలమీద పడి గాలికి కొట్టుకుపోతుంది. పడవ పొట్టలో ఇంజను ఉంటే, కారిన ఆవిరి పోయే దారి లేక అడుగున పేరుకుంటుంది. స్టార్టు చేయకముందు గాలి పంకాను 4 నిమిషాలు నడపాలని అమెరికా పడవల మీద హెచ్చరిక అంటించేది అందుకే. పడవకని అమ్మే స్టార్టరూ ఆల్టర్నేటరూ లోపలి నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటించకుండా మూసి చేసినవి. చూడ్డానికి కారువీ ఇవీ ఒకటే, ధర మాత్రం కారువాటిదే తక్కువ. పొదుపు చేయకూడని చోటు ఇదొక్కటే అనుకున్నా తప్పులేదు.

కొనబోయే వారికి

ట్రాన్సమ్, దూలాలు, అంతస్తు మూడూ పోయిన పడవను బాగుచేస్తే, ఖర్చయిన సొమ్ము అమ్మినప్పుడు తిరిగి రాదు. చేతిపని మీద ఇష్టం ఉన్నవాళ్ళకే అది. లాభం కోసమైతే వద్దు. అంతస్తు ఒక్కటే పోయి, వెనుక గోడ గట్టిగా ఉన్న పడవ దొరికితే తీసుకోవచ్చు. వయసు ఎంతో అమ్మేవాడి మాట మీద నమ్మనక్కర్లేదు. 1972 చివరి నుంచి తయారైన పడవలకు వెనుక గోడ కుడివైపు పైభాగంలో 12 అక్షరాల గుర్తు చెక్కి ఉంటుంది, చివరి అక్షరాల్లో తయారీ సంవత్సరం తెలుస్తుంది. ఆ గుర్తుకూ కాగితాలకూ పొంతన లేకపోతే పడవ ఎంత బాగున్నా వదిలేయండి.

చూడ్డానికి వెళ్ళేది వాన వెలిసిన మర్నాడైతే మేలు. ట్రెయిలర్ ముందు భాగం పైకెత్తించి, వెనుక గోడ అడుగున ఉన్న బిరడా తీయించండి. నీళ్ళు ఒక్కసారి కారి ఆగిపోతే సరే. అరగంట తర్వాత కూడా బొట్లు పడుతూనే ఉంటే ఆ నీరు నురగలోంచో దూలాల్లోంచో వస్తోంది. కొన్నాక మీరు చేయవలసిన మొదటి పనికి కూడా డబ్బు పెద్దగా అక్కర్లేదు: బిరడా తీసి పక్కన పెట్టండి, ముందు భాగం ఎత్తుగా ఉంచండి, గాలి ఆడేలా పైన కప్పు వేయండి. ఇంజను తర్వాత చూసుకోవచ్చు.